రాయిగా పెరిగిన ఎముక: శిలాజ తిమింగలాల పుర్రెలు చెప్పే సంగతులు

ఫ్రాన్సు దక్షిణ కొసన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఫోస్ అనే ఊరుంది. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో అక్కడొక పుర్రె దొరికింది. చివరికది పారిస్‌లో జార్జ్ కూవియే పరిశీలనకు వచ్చింది. చిన్న ఎముక ముక్క చూసి జంతువేదో చెప్పగలడని ఐరోపా అంతటా పేరున్న శాస్త్రవేత్త ఆయన. ఆ పుర్రె మూతి భాగం మామూలు ఎముకలా లేదు. రాయంత బరువు, రాయంత గట్టిదనం. ఎముక రాయిగా మారాలంటే యుగాలు గడవాలి కాబట్టి, ఇది ఎప్పుడో అంతరించిపోయిన జంతువుదేనని కూవియే తేల్చాడు. 1823లో దానికి జిఫియస్ కావిరోస్ట్రిస్ అని పేరు పెట్టాడు.

1850లో అదే తీరానికి ఒక తిమింగలం కొట్టుకొచ్చింది. పాల్ జెర్వే అనే శాస్త్రవేత్త దాని ఎముకలను పోల్చి చూసి, కూవియే పేరు పెట్టిన జంతువు ఇదేనని గుర్తించాడు. అంతరించిందనుకున్న ఆ జీవి ఈనాటికీ ప్రపంచ సముద్రాల్లో తిరుగుతోంది. మూడు కిలోమీటర్ల లోతు దాకా మునుగుతుంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అలాంటి తిమింగలం ఒకటి ఒక్క మునకలో 3 గంటల 42 నిమిషాలు నీటి అడుగునే ఉంది.

కూవియేకి కళ్లముందున్న ఎముక గట్టిదనం నిజమే. ఆ గట్టిదనానికి ఆయన చెప్పుకున్న కారణం మాత్రం తప్పు. మట్టిలో పడి కాలం గడిచాక అది రాయి కాలేదు. జంతువు బతికి ఉండగానే, రక్తం పారుతుండగానే అలా పెరిగింది. తిమింగలాల పుర్రెల్లో ఇలాంటి వింతలు చాలా ఉన్నాయి. ఎముకలు చోటు మార్చుకున్నవి కొన్ని, ఒకదాని మీదికొకటి ఎక్కినవి కొన్ని, మూతి మీద గుండ్రంగా గుండులా ఉబ్బినవి కొన్ని. వీటిని చూడగానే ఎవరికైనా వచ్చే ప్రశ్న, ఇదెందుకు అని. కానీ ఎందుకో తెలియాలంటే ముందుగా ఇది ఎలా పెరిగిందో తెలియాలి. గత కొన్ని దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు చేస్తున్న పని అదే.

ఎముకలో ఏముంటుంది?

ఎముకలో ప్రధానంగా రెండు పదార్థాలుంటాయి. ఒకటి కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు. రెండోది కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన ఖనిజం. ఎముక దెబ్బకు తట్టుకుని కొంచెం వంగగలుగుతున్నదంటే అది పోగుల పుణ్యం. వంగకుండా బిర్రుగా నిలబడుతున్నదంటే అది ఖనిజం పుణ్యం. ఖనిజం పాలు పెరిగేకొద్దీ ఎముక బిర్రబిగుస్తుంది, బరువెక్కుతుంది. దాంతోపాటే పెళుసుబారుతుంది కూడా.

బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ కర్రీ 1979లో మూడు రకాల ఎముకలను పక్కపక్కన పెట్టి పరీక్షించాడు. మగ జింక కొమ్ము, ఆవు తొడ ఎముక, ఫిన్ తిమింగలం చెవి ఎముక. జింక కొమ్ము ఆవు కొమ్ము లాంటిది కాదు, అది పూర్తిగా ఎముకే. బరువులో ఖనిజం పాలు కొమ్ములో దాదాపు 59 శాతం, తొడ ఎముకలో 67 శాతం, తిమింగలం చెవి ఎముకలో 86 శాతం అని తేలింది. విరగ్గొట్టి చూస్తే వరుస తిరగబడింది. కొమ్ము విరగడానికి అన్నిటికంటే ఎక్కువ శక్తి ఖర్చు చేయాల్సి వచ్చింది. చెవి ఎముక అన్నిటికంటే తేలిగ్గా పగిలింది. కొమ్ములాటకు వాడే ఎముకలో ఖనిజం తక్కువ. శబ్దం వినడానికి వాడే ఎముకలో ఖనిజం ఎక్కువ. ఈ రెండు కొసలూ గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే వాదాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

కూవియే తిమింగలానికి దగ్గరి బంధువు ఒకటుంది, మెసోప్లొడాన్ డెన్సిరోస్ట్రిస్. రెండూ మూతి పొడుగు తిమింగలాలే. 1817లో అన్రీ ద బ్లాన్‌విల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాని దవడ ముక్క ఒక్కటే చూసి, ఆ బరువుకు ఆశ్చర్యపోయి జాతికి పేరు పెట్టాడు. ఎదిగిన మగ జంతువు మూతిలోని ఎముక ఒక ఘన సెంటీమీటరుకు 2.6 గ్రాములు దాటి తూగుతుంది. మామూలు క్షీరదాల గట్టి ఎముక 2 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఇప్పటిదాకా కొలిచిన ఎముకల్లో ఇంత చిక్కనిది మరొకటి లేదు. ఖనిజం పాలు చెవి ఎముకకు సమానంగా ఉంటుంది. కొలాజెన్ పోగులు పల్చని వలలా అక్కడక్కడా మిగిలి ఉంటాయి.

ముందుగా గట్టిపడ్డది చెవి

తిమింగలాల పుర్రెలో మూతి కంటే చాలా ముందుగా గట్టిపడ్డది చెవే. దానికి ఆధారాలు మన ఉపఖండంలోనే దొరికాయి.

1981లో ఫిలిప్ గింగరిచ్, డొనాల్డ్ రసెల్ అనే శాస్త్రవేత్తలు కలిసి పాకిస్తాన్‌లోని కోహాట్ ప్రాంతపు శిలల్లో దొరికిన పుర్రె భాగాన్ని వివరించి దానికి పాకిసీటస్ అని పేరు పెట్టారు. దాని వయసు సుమారు 5 కోట్ల సంవత్సరాలు. అది నాలుగు కాళ్ల జంతువు. నేల మీద నడిచేది, నీళ్లలో దిగేది. అయినా దాన్ని తిమింగలాల వంశంలో చేర్చడానికి ఒక ముఖ్య కారణం చెవి. మధ్య చెవిని చుట్టి ఉండే గుల్ల లాంటి ఎముకకు లోపలి వైపు అంచు బాగా మందంగా, చిక్కగా ఉంది. ఆ మందపాటి అంచును ఇన్వాల్యూక్రమ్ అంటారు. ఈనాటి తిమింగలాలన్నిటికీ అది ఉంది.

తిమింగలాలకు పూర్వబంధువు ఎవరన్న ప్రశ్నకూ ఈ అంచే దారి చూపింది. భారతీయ భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూకాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్లను సేకరించి, 1971లో ఇండోహ్యూస్ అనే చిన్న గిట్టల జంతువును వివరించారు. ఆయన పోగుచేసిన రాళ్లలో చాలా భాగం చీల్చి చూడకుండానే మిగిలిపోయాయి. ఆయన మరణానంతరం భార్య వాటిని హాన్స్ టెవిసెన్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. ప్రయోగశాలలో శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె చెవి భాగం అనుకోకుండా విరిగింది. విరిగిన చోట చూస్తే లోపలి అంచు మందంగా ఉంది. తిమింగలాలకే సొంతమనుకున్న ఇన్వాల్యూక్రమ్ పిల్లి అంత గిట్టల జంతువులో కనిపించింది. టెవిసెన్, సునీల్ బాజ్‌పాయ్ తదితరులు 2007లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. ఇండోహ్యూస్ కాళ్ల ఎముకలు కూడా లోపల బోలు తగ్గి మందంగా ఉన్నాయి. నీటి అడుగున నడిచే జంతువులకు అలాంటి బరువు అక్కరకొస్తుంది. నీటి ఏనుగుకూ అలాగే ఉంటుంది.

చెవికి ఇంత బరువెందుకు? గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళితే, నీళ్లలో సుమారు 1500 మీటర్లు వెళుతుంది. పైగా మన కండ కూడా చాలా వరకు నీరే కనుక, నీటిలో శబ్దం తలలోకి అన్ని వైపులనుంచీ చొరబడుతుంది. పుర్రె మొత్తం ఒక్కసారే కదులుతుంది. శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో తెలియదు. చెవి ఎముక పుర్రెనుంచి విడిపడి, బరువుగా, తనదైన తీరులో కదిలినప్పుడే దిక్కు తెలుస్తుంది. పాకిసీటస్‌లో చెవి ఎముక ఇంకా పుర్రెకు అంటుకునే ఉంది. తర్వాతి తిమింగలాల్లో మెల్లగా విడివడుతూ వచ్చింది. కచ్ ప్రాంతంలో దొరికిన పొడుగు మూతి రెమింగ్టనోసీటస్ వంటి వాటిలో కింది దవడ వెనక పెద్ద రంధ్రం ఏర్పడింది. శబ్దాన్ని చెవికి చేర్చే కొవ్వు అందులో ఉండేది. ఈనాటి తిమింగలాలు వినేది ఆ దారిలోనే.

చెవి ఎముక పెరిగే తీరు కూడా ప్రత్యేకమే. ఇతర ఎముకలు జంతువుతోపాటు ఏళ్ల తరబడి పెరుగుతాయి. తిమింగలం చెవి ఎముక మాత్రం పుట్టేనాటికే దాదాపు పూర్తి పరిమాణానికి వచ్చేస్తుంది. మామూలు ఎముకలో పాత పదార్థాన్ని కణాలు తొలిచివేసి కొత్తది నింపుతుంటాయి. చెవిలో ఆ పని దాదాపు జరగదు. మొదట వేసిన ఎముకే అలా ఉండిపోయి, అందులోకి ఖనిజం ఎక్కుతూ పోతుంది. త్వరగా పెరగడం, త్వరగా ఆగడం, తర్వాత బిగియడం. రాయి లాంటి ఎముకకు ఇది మొదటి దారి.

వెనక్కి జరిగిన ముఖం

రెండో వింత ఎముకల అమరికలో ఉంది. పాకిసీటస్‌కు ముక్కు రంధ్రాలు మూతి కొసనే ఉన్నాయి, కుక్కకు ఉన్నట్టే. ఈనాటి తిమింగలానికి అవి నడినెత్తిన ఉంటాయి. మధ్యకాలపు శిలాజాలను వరుసలో పెడితే రంధ్రం కొంచెం కొంచెంగా వెనక్కి జరగడం కనిపిస్తుంది. ఇప్పటి డాల్ఫిన్ పిండంలోనూ ముక్కు మొదట మూతి కొసనే ఏర్పడి, గర్భంలో పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది.

ముక్కు జరిగితే చుట్టూ ఉన్న ఎముకలు కూడా జరగక తప్పదు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన గెరిట్ మిల్లర్ 1923లో దీని మీద పెద్ద పరిశీలన ప్రచురించాడు. మన పుర్రెలో ఎముకలు అంచుకు అంచు కలిసి ఉంటాయి. తిమింగలం పుర్రెలో అవి పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటాయి. పళ్ల తిమింగలాల్లో, అంటే డాల్ఫిన్లు, స్పెర్మ్ తిమింగలాలు, మూతి పొడుగు తిమింగలాలున్న గుంపులో, పైదవడ ఎముక వెనక్కి సాగి నుదుటి ఎముకను పైనుంచి కప్పేస్తుంది. నీటిని జల్లెడ పట్టి తినే నీలి తిమింగలం లాంటి వాటిలో పైదవడ ఎముక నుదుటి కిందికి దూరుతుంది, పుర్రె వెనకభాగం ముందుకు తోసుకొస్తుంది. ఒకే వంశంలో రెండు కొమ్మలు. రెండిటిలోనూ ముఖం, పుర్రె దగ్గరపడ్డాయి. పైదవడ ఎముక ఒకచోట పైన, మరొకచోట కింద. చూడ్డానికి ఒకటే ఫలితం, పెరిగిన దారులు మాత్రం వేరు. తిమింగలాల పుర్రెల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపించే సంగతి.

పళ్ల తిమింగలాల్లో ఈ మార్పుకు శబ్దంతో సంబంధం ఉంది. వీటి నుదుటి మీద కొవ్వు ముద్ద, ముక్కు నాళంలో శబ్దం పుట్టించే పెదవుల్లాంటి కండలు ఉంటాయి. ఆ శబ్దం ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొస్తే, ఆ ప్రతిధ్వనితో చేపను వెతుక్కుంటాయి. వాటి పుర్రెలు కుడి, ఎడమల మధ్య వంకరగా కూడా ఉంటాయి. ఎలెన్ కూంబ్స్ బృందం బతికున్నవీ అంతరించినవీ కలిపి 162 తిమింగల పుర్రెలను కొలిచి 2020లో ఫలితాలు వెలువరించింది. ముక్కు దగ్గరి ఈ వంకర సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట తొలి పళ్ల తిమింగలాల్లోనే మొదలైందని, జల్లెడ తిమింగలాల్లో అది లేదని తేలింది. మన గంగా డాల్ఫిన్ ఇంకో అడుగు ముందుకేసింది. దాని పైదవడ ఎముకలనుంచి రెండు పల్చని రెక్కలు లేచి నుదుటి మీదికి వంగి ఉంటాయి. దాదాపు చూపు లేని ఆ జీవి బురద నీటిలో దారి వెతుక్కునేది శబ్దంతోనే. దాని శిలాజ బంధువుల్లో ఈ రెక్కలు చిన్నవిగా కనిపిస్తాయి.

వలలో పడ్డ పుర్రెలు

ఇక మూతి దగ్గరికి వద్దాం. 1872 నుంచి 1876 దాకా బ్రిటన్ ఓడ ఛాలెంజర్ ప్రపంచ సముద్రాలను పరిశోధిస్తూ తిరిగింది. పసిఫిక్ మహాసముద్రపు లోతుల్లోంచి అది తవ్వి తీసిన బురదలో సొర చేపల పళ్లు, వాటితోపాటు తిమింగలాల చెవి ఎముకలు, మూతి పొడుగు తిమింగలాల మూతి ఎముకలు దొరికాయి. వాటి మీద మాంగనీస్ నల్లని పొరగా పేరుకుని ఉంది. తిమింగలంలో ఉన్న వందలాది ఎముకల్లో ఇవే ఎందుకు మిగిలాయి? మిగిలిన ఎముకలు మెత్తన, నూనెతో నిండినవి. సముద్రం అడుగున అవి కరిగి, పురుగులు తొలిచి మాయమైపోతాయి. చెవి, మూతి రెండూ రాయి లాంటివి కనుక లక్షల ఏళ్లు నిలిచాయి.

ఇరవయ్యో శతాబ్దం చివర్లో చేపల పడవలు లోతు నీళ్లలోకి పెద్ద వలలు వేసి అడుగును గీకడం మొదలుపెట్టాయి. చేపలతోపాటు బరువైన ఎముక ముద్దలు వలల్లోకి వచ్చాయి. దక్షిణాఫ్రికా తీరంలో ఇలా చేరిన పుర్రెలను జొవాన్నీ బియానూచీ, ఒలివియే లాంబర్, క్లాస్ పోస్ట్ పరిశీలించి 2007లో 8 కొత్త ప్రజాతులు, 10 కొత్త జాతులు వివరించారు. అంతకుముందు అక్కడ అంత వైవిధ్యం ఉంటుందని ఊహించినవారు లేరు.

ఆ తర్వాత స్పెయిన్, పోర్చుగల్ తీరాలు. అక్కడి జాలర్లు పైకి తెచ్చిన సుమారు 40 పుర్రెలను 2013లో వివరించారు. అందులో అన్నిటికంటే చూపు లాగేది గ్లోబిసీటస్ హైబెరస్. దాని మూతి మీద, ముక్కు రంధ్రాలకు ముందు, గుండ్రని ఎముక గుండు ఒకటి ఉబ్బి ఉంది. లోపల బోలు లేదు, అంతా గట్టి ఎముకే. అలాంటిది బతికున్న ఏ తిమింగలానికీ లేదు. దాని పక్కనే దొరికిన టస్కిజిఫియస్, ఇమోసీటస్ అనే మరో రెండు జాతుల్లోనూ మూతి ఎముకలు తమ తమ తీరుల్లో ఉబ్బి ఉన్నాయి. అడుగునుంచి వలలో వచ్చిన వాటికి ఏ పొరలోనివో గుర్తు ఉండదు. అందువల్ల వాటి వయసు సుమారుగానే చెప్పగలరు. మయోసీన్, ప్లయోసీన్ కాలాలవని భావిస్తున్నారు. అంటే సుమారు 26 లక్షలనుంచి 2 కోట్ల 30 లక్షల ఏళ్ల కిందటి మధ్యన.

ఏ ఎముక ఉబ్బింది, ఎలా ఉబ్బింది?

మూతి పొడుగు తిమింగలాల మూతి మధ్యలో పొడవునా ఒక గాడి ఉంటుంది. చిన్న వయసులో దాని నిండా మృదులాస్థి, అంటే చెవి దొప్పలో ఉండే మెత్తని పదార్థం ఉంటుంది. గాడి అడుగున వోమర్ అనే ఎముక, రెండు పక్కలా మూతి ముందు ఎముకలైన ప్రీమాక్సిల్లాలు ఉంటాయి. మూతి బరువెక్కాలంటే వీటిలో ఏది పెరగాలి?

లాంబర్, వివియన్ ద బుఫ్రెనిల్, క్రిస్టియన్ ద ముయిజోన్ ఈ ప్రశ్నను 2011లో సూటిగా వేసుకున్నారు. శిలాజ మూతులను అడ్డంగా కోసి, కాగితమంత పల్చగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూశారు. జవాబు ఒకటి కాదని తేలింది. మెసోప్లొడాన్ జాతుల్లో వోమర్ కిందినుంచి పైకి పెరిగి గాడిని పూడ్చేస్తుంది. మరో శిలాజ వంశంలో ప్రీమాక్సిల్లాలే మందమై, రెండు వైపులనుంచీ గాడి మీద కప్పేస్తాయి. మెస్సాపిసీటస్, గ్లోబిసీటస్ ఈ రెండో వంశానివి. గ్లోబిసీటస్ గుండు కూడా ప్రీమాక్సిల్లాలు ఒకటైపోయి ఉబ్బినదే. కోయకముందు రెండు మూతులూ ఒకే బరువుగా, ఒకే గట్టిగా చేతికి తగులుతాయి. లోపల పెరిగిన ఎముకలు వేరు.

మెసోప్లొడాన్ మూతిలో ఎముక కట్టిన తీరు చెవికి పూర్తిగా ఎదురు. చెవిలో పాత ఎముకను కదపకుండా ఖనిజం ఎక్కింది. మూతిలో కణాలు పాత ఎముకను పదేపదే తొలిచి, కొత్త ఎముకతో నింపాయి. ఆ కొత్త ఎముకలో కొలాజెన్ తక్కువ, ఖనిజం ఎక్కువ. చెవి బాల్యంలోనే ముగిసిన పని. మూతి జంతువు ఎదిగాక, ముఖ్యంగా మగ జంతువుల్లో, కొనసాగిన పని. ఒకటి పుట్టుకతో వచ్చిన పరికరం, మరొకటి వయసుతో వచ్చిన లక్షణం. ఈ తేడా తెలిశాకే ఎందుకన్న ప్రశ్నకు అర్థం వస్తుంది.

ఎందుకు? నాలుగు జవాబులు

మొదటి జవాబు, మునగడానికి బరువు. లోతుగా మునిగే జంతువు మూతి బరువైతే తల కిందికి దిగడం సులువు అన్నది వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ మెసోప్లొడాన్ ఆడ జంతువులు కూడా లోతుగానే మునుగుతాయి, వాటికి మగ జంతువులంత చిక్కని మూతి లేదు. ఈ వాదనకు వ్యతిరేకంగా పెరూ ఎడారిలో మరో గట్టి ఆధారం దొరికింది. గ్లోబిసీటస్ వంశానికే చెందిన మెస్సాపిసీటస్ అస్థిపంజరం ఒకటి, తిన్న చేపలతో సహా శిలాజమై దొరికింది. ఆ చేపలు నీటి పైపొరల్లో తిరిగే సార్డిన్ జాతివి. లాంబర్ బృందం 2015లో దీన్ని ప్రకటించింది. పైపొరల్లో చేపలు పట్టుకున్న జంతువుకు లోతు మునకల కోసం బరువు కావాలనడం కుదరదు.

రెండో జవాబు, పోట్లాట. మూతి పొడుగు తిమింగలాల్లో చాలా జాతుల మగ జంతువులకు కింది దవడలో రెండే పళ్లు బయటికొస్తాయి, ఆడవాటికి అవి చిగురు దాటవు. మగవాటి ఒంటి మీద జంట గీతలుగా పాత గాయాల మచ్చలు కనిపిస్తాయి. పళ్లతో ఒకదాన్నొకటి గీరుకుంటాయన్నమాట. బలమైన మూతి అందుకే కావచ్చునని కొందరన్నారు. ఉత్తర అట్లాంటిక్‌లోని బాటిల్‌నోస్ తిమింగలాల్లో మగవి తలలతో కుమ్ముకోవడం కెనడా తీరంలో చూశారు కూడా. ఆ మగ జంతువుల నుదుటిమీద పైదవడ ఎముకలు రెండు పెద్ద గోడల్లా లేచి ఉంటాయి.

ఇక్కడే కర్రీ పరీక్ష గుర్తు చేసుకోవాలి. కుమ్ములాటకు పనికొచ్చే ఎముక జింక కొమ్ములా ఖనిజం తక్కువైనది. మెసోప్లొడాన్ మూతి ఎముక పరీక్షల్లో చాలా బిర్రుగా, కానీ పెళుసుగా తేలింది. ఎదురుదెబ్బకు కొమ్ములా నిలబడే పదార్థం అది కాదు. నొక్కుడుకు, గీతకు నిలవవచ్చు, అంతే. పోట్లాట వాదం కొట్టిపారేయదగ్గది కాకపోయినా, ఎముక పదార్థం దానికి గట్టి సాక్ష్యం చెప్పదు.

మూడో జవాబు, శబ్దం. మూతి ఎముక నుదుటి కొవ్వు ముద్దకు కిందే ఉంది. చిక్కని ఎముక శబ్దాన్ని బాగా తిప్పికొడుతుంది. శబ్దాన్ని ముందుకు మళ్లించడానికి అది అక్కరకొస్తుందన్నది ఊహ. పదార్థం చెవి ఎముకను పోలి ఉండడం దీనికి అనుకూలమే. కానీ వేటకు శబ్దం ఆడ, మగ రెండిటికీ సమానంగానే కావాలి. మగవాటిలోనే ఎందుకింత చిక్కబడింది?

నాలుగో జవాబు శబ్దాన్నీ ఈ ఆడ, మగ తేడానూ కలుపుతుంది. ఉక్రెయిన్ శాస్త్రవేత్త పావెల్ గోల్దిన్ 2014లో దీన్ని ప్రతిపాదించాడు. నీటిలో ప్రతిధ్వనితో చూసే జంతువుకు ఎదుటి జంతువు చర్మం, కొవ్వు అడ్డుకావు. అవి నీటికి దగ్గరగానే ఉంటాయి కనుక శబ్దం వాటిలోంచి సాగిపోతుంది. ఎముక దగ్గర మాత్రం ఆగి తిరిగొస్తుంది. అంటే తోటి తిమింగలానికి చర్మం కింద దాగిన ఎముక ఆకారం వినిపిస్తుంది. ఎముక ఎంత చిక్కనైతే ఆ ప్రతిధ్వని అంత స్పష్టం. జింకకు కొమ్ము బయట కనిపించినట్టు ఈ తిమింగలాలకు మూతి గుండు లోపలినుంచి వినిపిస్తుందని, మగవాటి హోదా చాటడానికి అది ఉపయోగపడి ఉండవచ్చని గోల్దిన్ వాదం.

ఈ వాదం బలం ఎక్కడుందంటే, ఎముక పదార్థం, అది పెరిగిన కాలం, అది కనిపించే లింగం మూడూ ఇందులో ఇముడుతాయి. శబ్దాన్ని తిప్పికొట్టే పదార్థం, ఎదిగాక పెరగడం, మగవాటిలో ఎక్కువగా ఉండడం. గ్లోబిసీటస్ పుర్రెల్లో కూడా ఉబ్బులో తేడాలుండడం వల్ల ఆడ, మగ తేడా ఉండవచ్చని పరిశోధకులు ఆలోచించారు. బలహీనత కూడా ఉంది. బతికున్న తిమింగలాలు ఎదుటిదాని ఎముకను నిజంగా అలా వింటూ తీర్పు చేసుకుంటున్నాయని ఇంతవరకు ఎవరూ చూపలేదు. కాబట్టి దీన్ని రుజువైన సంగతిగా తీసుకోకూడదు, మిగిలిన వాటికంటే బాగా పొసగే వివరణగా తీసుకోవాలి.

తేలిందేమిటి?

ఈ ఎముకల మీద రెండు వందల ఏళ్లుగా సాగుతున్న చర్చలో పొరపాట్లన్నీ దాదాపు ఒకే చోట జరిగాయి. గట్టిగా ఉంది కాబట్టి శిలాజం, బరువుగా ఉంది కాబట్టి మునగడానికి, బలంగా ఉంది కాబట్టి పోట్లాటకు. ఒక్క గుణం చూసి కారణం చెప్పడమే ఈ పొరపాట్లకు మూలం. ఏ ఎముక పెరిగింది, ఏ వయసులో పెరిగింది, ఆడదానిలోనా మగదానిలోనా, పాత ఎముకను తొలిచి కట్టిందా లేక ఉన్నదాన్నే బిగించిందా అని అడిగాక జవాబులు వడపోత పడ్డాయి. చెవి విషయంలో పని స్పష్టమైంది, అది నీటిలో వినడానికి. ముఖం వెనక్కి జరగడంలో ఊపిరి, శబ్దం రెండూ ఉన్నాయి. మూతి గుండు విషయంలో బరువు వాదం నిలవలేదు, పోట్లాట వాదం సగం నిలిచింది, తోటి జంతువుకు వినిపించడమన్న వాదం ఇప్పటికి ముందంజలో ఉంది.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఇండోహ్యూస్ చెవి రంగారావు దాచి ఉంచిన రాళ్లలోంచి వచ్చింది. గ్లోబిసీటస్ గుండు జాలర్లు తిరిగి నీళ్లలో పారేయకుండా ఒడ్డుకు తెచ్చిన ముద్దలోంచి వచ్చింది. రెండిటిలోనూ సేకరించినవారికి ఆ రోజున దాని విలువ పూర్తిగా తెలియదు. కచ్ నుంచి జమ్మూ కొండల దాకా తిమింగలాల తొలి చరిత్ర చాలా వరకు మన నేలలోనే ఉంది. అందుకే శిలాజం దొరికిన చోటు రాసిపెట్టడం, నమూనాను పారేయకుండా మ్యూజియానికో విశ్వవిద్యాలయానికో అప్పగించడం, ఉన్న సేకరణలను కాపాడుకోవడం ముఖ్యం. రేపటి ప్రశ్నకు జవాబు ఏ రాయిలో ఉందో ఇవాళ చెప్పలేం. అది పోకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.